చక్కెర ఎటు పోయింది? – జంతు ప్రయోగాల ఎథిక్స్ కమిటీలకు బహిరంగ లేఖ

గౌరవనీయులైన సభ్యులకు,

నమస్కారం. వరంగల్, హనుమకొండ, కరీంనగర్ ప్రాంతాల ఫార్మసీ, మెడికల్ కాలేజీల్లో జంతు ప్రయోగాలకు అనుమతి ఇచ్చే కమిటీల్లో ఉన్న మీ అందరికీ ఈ లేఖ రాస్తున్నాను. అయితే మీలో ఒక్కరితోనే ఎక్కువగా మాట్లాడాలని ఉంది. ప్రతి కమిటీలోనూ సైన్స్‌తో సంబంధం లేని, సమాజం తరఫున కూర్చునే సభ్యుడు ఒకరు ఉండాలని నిబంధన. ఆయన లాయరు కావచ్చు, రిటైరైన హెడ్మాస్టరు కావచ్చు. మీటింగులో ఆయన చాయ్ తాగి, చూపించిన చోట సంతకం పెట్టి, "మీరు చదువుకున్నవాళ్లు, మీకే తెలుస్తుంది" అని లేచి వెళ్లడం నేను చూశాను. అందులో ఆయన తప్పేమీ లేదు. జంతు ప్రయోగానికి అనుమతి అడిగే దరఖాస్తు ఫారం-బిలో మేం రాసేది ఆయనకు ఎవరూ విప్పి చెప్పరు. ఈ లేఖ ఆ పని కోసం.

నేను హనుమకొండలో ఫార్మకాలజీ చెప్పే మాస్టారిని. పిల్లల థీసిస్‌లు చదవడం, వైవాల్లో కూర్చోవడం నా బతుకుతెరువు. మొక్కల సారాలను ఎలుకలకు తాగించి షుగర్ మీద చేసిన థీసిస్‌లలో ఒక వాక్యం మళ్లీ మళ్లీ ఎదురవుతుంది: "ఈ సారం ఇన్సులిన్ పనితీరును మెరుగుపరిచింది." వెనక్కి పేజీలు తిప్పి ఏం కొలిచారా అని చూస్తే, గ్లూకోమీటర్‌తో రక్తంలో గ్లూకోజ్ కొలిచారు. అంతే. ఇన్సులిన్‌ను ఎవరూ తాకలేదు.

దీన్ని చెరువు మీద పెట్టి చెప్తాను. పాఖాల చెరువు కట్ట మీద నిలబడ్డారనుకోండి. పొద్దున్నకీ సాయంత్రానికీ నీటి మట్టం ఒక జానెడు తగ్గింది. ఎందుకు తగ్గింది? నీరటికాడు తూము ఎత్తి పొలాలకు నీళ్లు వదిలి ఉండొచ్చు. పైనుంచి వచ్చే వాగు సన్నబడి ఉండొచ్చు. మత్తడి (అలుగు) దుంకి కిందికి పోయి ఉండొచ్చు. మట్టం ఒక్కటే చూసి "నీరటికాడు భలే పనిచేశాడు" అంటే ఊళ్లో ఎవరైనా నవ్వుతారు.

రక్తంలో గ్లూకోజ్ ఆ మట్టం లాంటిది. ఇన్సులిన్ నీరటికాడు. కండరాల్లో, కొవ్వులో తూములు ఎత్తేది అదే, లివర్ నుంచి వచ్చే వాగును కట్టడి చేసేదీ అదే. కిడ్నీలు మత్తడి. మట్టం ఒక ఎత్తు దాటిందంటే గ్లూకోజ్ మూత్రంలోకి దుంకుతుంది. ఇప్పుడు ఒక బెరడు సారం తాగించిన చిట్టెలుకలో మట్టం తగ్గిందంటే, ఈ మూడింటిలో ఏది జరిగినట్టు?

ఇది ఊరికే వేసే ప్రశ్న కాదు. ఆపిల్ చెట్టు బెరడులో ఫ్లోరిజిన్ అనే పదార్థం ఉంటుంది. 1835లోనే ఐరోపా రసాయన శాస్త్రవేత్తలు దాన్ని వేరు చేశారు. అది చేసే పని మత్తడి ఎత్తు తగ్గించడం. గ్లూకోజ్ మూత్రంలో పోతుంది, రక్తంలో మట్టం పడిపోతుంది, నీరటికాడు మాత్రం కూర్చున్నచోటి నుంచి లేవడు. ఇవాళ మన డాక్టర్లు షుగర్‌కు రాస్తున్న డాపాగ్లిఫ్లోజిన్ ఆ ఫ్లోరిజిన్ వంశంలోదే. మంచి మందే. కానీ దాన్ని ఇన్సులిన్ పని పెంచే మందు అని ఎవరైనా నమోదు చేసి ఉంటే మందు దొరికేది, అది పనిచేసే తీరు చేజారేది.

ఇంకా చిన్న కారణాలూ ఉంటాయి. సారం చేదుగా ఉంటే ఎలుక తిండి తగ్గిస్తుంది, షుగర్ తగ్గుతుంది. జిగురుగా ఉంటే పొట్టలోంచి గ్లూకోజ్ నెమ్మదిగా దిగుతుంది, గ్రాఫులో గీత చదునుగా వస్తుంది. పొడపత్రి ఆకు నమిలి పంచదార నోట్లో వేసుకుంటే ఇసుక తిన్నట్టే ఉంటుందని మనలో చాలామందికి తెలుసు. ఆ ఆకు నాలుక మీదే అంత పని చేస్తుంటే, పేగుల్లో ఏం చేస్తుందో చూడకుండా నేరుగా కండరాల దాకా ఎలా వెళ్లిపోతాం? సారాన్నీ గ్లూకోజ్‌నూ రెండింటినీ నోటి ద్వారానే ఇచ్చిన పరీక్షలో, తేడా పొట్టలో వచ్చిందో రక్తంలో వచ్చిందో విడదీయలేం. అదే గ్లూకోజ్‌ను కడుపు పొరలోకి సూదితో ఇచ్చి ఇంకోసారి చూస్తే సగం అనుమానం తీరుతుంది. ఖర్చు ఒక సిరంజి.

ఇక స్ట్రెప్టోజోటోసిన్ సంగతి. మా కాలేజీల్లో షుగర్ ఎలుక అంటే ఈ మందు ఇచ్చిన ఎలుకే. ఒక రకం స్ట్రెప్టోమైసిస్ సూక్ష్మజీవి నుంచి వచ్చిన ఈ మందు క్లోమంలో ఇన్సులిన్ తయారుచేసే బీటా కణాల్లోకి దూరి వాటిని చంపుతుంది. అంటే నీరటికాడినే చంపేశాం. తర్వాత సారం ఇచ్చి, మట్టం చూసి, "నీరటికాడు చురుకయ్యాడు" అని రాస్తున్నాం. పైగా పోల్చడానికి పెట్టే మందు ఎప్పుడూ గ్లిబెన్‌క్లమైడే. అది బీటా కణాలను తట్టి లేపి ఇన్సులిన్ బయటికి పంపించే మందు. కణాలు పూర్తిగా చచ్చి ఉంటే అది పనిచేయకూడదు. పనిచేసిందంటే కొన్ని కణాలు బతికే ఉన్నాయి. ఎన్ని బతికాయి, ఏ ఎలుకలో ఎన్ని? ఇన్సులిన్ కొలవకపోతే ఈ ప్రశ్నకు జవాబు లేదు. ముప్పై ఏళ్లుగా ఒకే పట్టికలో చెట్టు పేరు మార్చుకుంటూ పోతున్నామేమో అని నాకు ఒక్కోసారి అనిపిస్తుంది.

అందరినీ తప్పు పట్టే ముందు నా తప్పు చెప్పుకోవాలి.

నా ఎం.ఫార్మ్ రోజుల్లో ములుగు అడవి నుంచి తెచ్చిన ఒక బెరడు మీద పనిచేశాను. చెట్టు పేరు చెప్పను, ఆ చెట్టుకు ఏ పాపమూ తెలియదు. కొవ్వు ఎక్కువున్న మేత పెట్టి చిట్టెలుకలను లావు చేశాం. రెండు గుంపులు, ఒక్కోదానిలో ఎనిమిది. ఒక గుంపుకు సారం, ఇంకోదానికి ఉత్త నీళ్లు. చివర్లో ఇన్సులిన్ టాలరెన్స్ టెస్ట్: ఇన్సులిన్ సూది వేసి, ఆ తర్వాత గ్లూకోజ్ ఎంత వేగంగా పడుతుందో చూడటం. సాయంత్రం ఆరింటికి మేత తీసేశాం. మర్నాడు పొద్దున పదింటికి కిలోకు ఒక యూనిట్ లెక్కన ఇన్సులిన్ ఇచ్చాం. నలభై నిమిషాలు కాకముందే నీళ్ల గుంపులో రెండు చిట్టెలుకలు కొట్టుకోవడం మొదలుపెట్టాయి. గ్లూకోజ్ నింపిన సిరంజి పక్కన పెట్టుకోవాలని మాకెవరూ చెప్పలేదు. స్టోర్ తాళం చెవి ఉన్న అటెండర్ వచ్చేసరికి రెండూ పోయాయి.

"అవుట్‌లయర్స్ కింద తీసెయ్" అన్నారు మా సారు, అంటే మిగతావాటితో కలవని లెక్కలని. తీసేశాను.

ఏం చేశానో అర్థం కావడానికి నాకు ఐదారేళ్లు పట్టింది. చచ్చిపోయిన ఆ రెండూ ఇన్సులిన్‌కు అన్నిటికంటే బాగా లొంగినవి. వాటిని పట్టికలోంచి తీసేసరికి నీళ్ల గుంపు మొత్తం ఇన్సులిన్‌కు మొండికేసినట్టు కనిపించింది. దాని పక్కన సారం తాగిన గుంపు మెరుగ్గా కనిపించింది. నా థీసిస్‌లో ఉన్న "గణనీయమైన తేడా"లో ఎంత వాటా బెరడుది, ఎంత వాటా ఆ రెండు శవాలది అన్నది ఇప్పుడు ఎవరూ చెప్పలేరు. నాకు ఫస్ట్ క్లాస్ వచ్చింది.

ఇందులో ఒక వింత ఉంది. ఒకప్పుడు ఆ వణుకే కొలత. 1921లో టొరంటోలో ఇన్సులిన్ దొరికాక, సీసాలో ఎంత బలం ఉందో చెప్పడానికి రసాయన పద్ధతి లేదు. పస్తున్న రెండు కిలోల కుందేలు రక్తంలో చక్కెర మూర్ఛ వచ్చే దాకా పడిపోవడానికి ఎంత కావాలో దాన్నే మొదట యూనిట్ అన్నారు. తర్వాత చిట్టెలుకల్లో ఎన్నింటికి మూర్ఛ వచ్చిందో లెక్కపెట్టే పద్ధతి వచ్చింది. బయోఅస్సే (ప్రాణుల మీద మందు బలం కొలవడం) పాఠంలో మేమంతా బట్టీ పట్టిందే. వాళ్లు ఆ వణుకును లెక్కలో రాశారు. నేను చెరిపేశాను.

ఆ రోజు అవి చావడానికి అసలు కారణం పస్తు అని ఇప్పుడు అనుకుంటున్నాను. మనుషులకు "రాత్రి తిని పొద్దున పరగడుపున రండి" అంటారు కదా, అదే ఎలుకకూ పెట్టేశాం. చిట్టెలుక తినేదే రాత్రి. సాయంత్రం మేత తీయడమంటే దాని రోజు మొత్తం తిండి తీసేయడమే. అలా రాత్రంతా పస్తుంటే చిట్టెలుక బరువు రమారమి 15 శాతం తగ్గుతుంది. అరవై కిలోల మనిషి తెల్లారేసరికి తొమ్మిది కిలోలు తగ్గితే దాన్ని పరగడుపు అంటామా? ఏకాదశులూ శివరాత్రులూ చేసే మా అమ్మ కూడా అనదు. లివర్‌లో దాచుకున్న గ్లైకోజెన్ అనే చక్కెర నిల్వ దాదాపు ఖాళీ అవుతుంది. వాగు ఎండిన చెరువులో తూము ఎత్తితే ఏమవుతుందో మీకు చెప్పక్కర్లేదు. ఇంకో మెలిక కూడా ఉంది: ఎక్కువ సేపు పస్తుంటే మనిషిలో ఇన్సులిన్ పని మందగిస్తుంది, చిట్టెలుకలో పెరుగుతుంది. అంటే మనిషి జబ్బును అడగబోయి, ఎలుక ఆకలిని కొలుస్తున్నాం. పొద్దున ఏడింటికి మేత తీసి మధ్యాహ్నం ఒంటిగంటకు పరీక్ష పెడితే ఐదారు గంటల పస్తు సరిపోతుంది. అటెండర్‌కు ఓవర్‌టైమ్ కూడా అక్కర్లేదు.

డోసు లెక్కలోనూ ఇలాంటి మాయ ఒకటుంది. గ్లూకోజ్ టాలరెన్స్ టెస్టులో, అంటే గ్లూకోజ్ ఇచ్చి రక్తంలో మట్టం ఎలా దిగుతుందో చూసే పరీక్షలో, డోసు కిలోకు రెండు గ్రాములు అనుకుందాం. 25 గ్రాముల సన్నని చిట్టెలుకకు 50 మిల్లీగ్రాములు పడతాయి, 50 గ్రాముల లావు చిట్టెలుకకు 100. కానీ లావు ఎలుకలో పెరిగింది చాలావరకు కొవ్వు. గ్లూకోజ్‌ను ఎక్కువగా వాడుకునే కండరాలు, మెదడు, లివర్ రెట్టింపు కాలేదు. దాదాపు అంతే యంత్రాంగానికి రెట్టింపు సరుకు పంపి, "చూడండి, దీనికి అరగలేదు" అంటున్నాం. కొవ్వు తీసేసిన బరువు మీద డోసు లెక్కగట్టాలి. అది కొలిచే పరికరం లేకపోతే అన్నిటికీ ఒకే డోసు ఇచ్చి ఆ మాట రాసుకోవాలి. ఇన్సులిన్ దగ్గర ఇంకో జాగ్రత్త: మన మెడికల్ షాపుల్లో ఎంఎల్‌కు 40 యూనిట్ల వయల్ దొరుకుతుంది, 100 యూనిట్లదీ దొరుకుతుంది. లేబుల్ చూడకుండా పాత సీనియర్ నోట్స్ ప్రకారం కలిపితే డోసు రెండున్నర రెట్లు తప్పుతుంది.

ఇన్సులిన్‌కు ఒళ్లు ఎంత మొండికేసిందో చెప్పే హోమా అనే లెక్క కూడా మీ ముందుకు వస్తుంటుంది. పరగడుపు గ్లూకోజ్‌నూ ఇన్సులిన్‌నూ గుణించి 22.5తో భాగించడం. 1985లో ఆక్స్‌ఫర్డ్‌లో మనుషుల కోసం తయారుచేసిన నమూనా అది. ఆ 22.5 మనిషిది. చిట్టెలుకకు దాన్ని తగిలించి రెండు దశాంశ స్థానాల దాకా రాస్తే ఖచ్చితత్వం రాదు. సరదాకి చూసుకోవచ్చు, తీర్పు చెప్పకూడదు.

మరి నీరటికాడి పని నేరుగా కొలిచే పద్ధతి ఏదీ లేదా అంటే, ఉంది. దాని పేరు గ్లూకోజ్ క్లాంప్. 1979లో ఆండ్రెస్, డిఫ్రాంజో, టోబిన్ మనుషుల మీద వివరంగా రాశారు, తర్వాత చిట్టెలుకకు కుదించారు. మళ్లీ చెరువు దగ్గరికే రండి. నీరటికాడిని తూము ఎత్తి పట్టుకోమంటారు, అంటే ఇన్సులిన్‌ను ఆపకుండా సన్నటి ధారగా ఎక్కిస్తారు. మట్టం పడిపోకుండా మనం పైనుంచి నీళ్లు పోస్తూ ఉంటాం. మట్టం కదలకుండా నిలిచిందంటే, మనం పోస్తున్నంతా తూములోంచి పోతున్నట్టే. ఎన్ని బిందెలు పోశామో అదే ఇన్సులిన్ పనికి కొలత. తక్కువ బిందెలతోనే మట్టం నిలిచిందంటే ఇన్సులిన్ మాట ఆ ఒంట్లో చెల్లడం లేదు. వాగు నీళ్లేవో మనం పోసిన నీళ్లేవో విడదీయాలంటే నీళ్లలో రంగు కలిపినట్టు గుర్తు వేసిన గ్లూకోజ్‌ను కలుపుతారు. అప్పుడు లివర్ ఎంత వదులుతోందో, కండరం ఎంత తీసుకుంటోందో వేర్వేరుగా తెలుస్తుంది.

చెప్పినంత తేలిక కాదు. పాతిక గ్రాముల ప్రాణి, ఒంట్లో మొత్తం రక్తం రెండు ఎంఎల్‌లకు లోపే, చెంచాలో సగం కూడా నిండదు. దాని మెడలోని రక్తనాళాల్లో సన్నటి గొట్టాలు పెట్టి, కోలుకోవడానికి ఐదు రోజులకు తక్కువ కాకుండా వదిలి, అది మెలకువగా పంజరంలో తిరుగుతుండగా పది నిమిషాలకొకసారి బొట్టు రక్తం తీయాలి. తీసిన రక్తానికి బదులు ఎర్రకణాలు ఎక్కించాలి, లేకపోతే రక్తహీనతను కొలిచినట్టవుతుంది. గుర్తు కోసం రేడియోధార్మిక గ్లూకోజ్ వాడితే అణుశక్తి నియంత్రణ మండలి అనుమతి కావాలి. మత్తులో పడుకోబెట్టి కానిచ్చేద్దామంటే కుదరదు, మనం ఎక్కువగా వాడే కెటమిన్-జైలజీన్‌లో ఆ జైలజీన్ ఒక్కటే గ్లూకోజ్‌ను ఎగదోస్తుంది.

కాబట్టి ప్రతి ఎం.ఫార్మ్ పిల్లవాడూ క్లాంప్ చేయాలని నేను అడగడం లేదు. చేయలేనప్పుడు, చేసినట్టు మాట్లాడొద్దు అంటున్నాను. గ్లూకోజ్ మాత్రమే కొలిస్తే "గ్లూకోజ్ తగ్గించింది" అని రాయాలి. అది చిన్న మాట కాదు, నిజమైన మాట. ఇంకో మెట్టు ఎక్కాలనుకుంటే టాలరెన్స్ టెస్టు మొదట్లో ఒకసారి, పదిహేనో నిమిషంలో ఒకసారి కొద్ది ప్లాస్మా దాచి ఎలైసా అనే పరీక్షతో ఇన్సులిన్ కొలవొచ్చు. ఒక్కో శాంపిల్‌కు పది మైక్రోలీటర్లతో సరిపెట్టే కిట్లు ఉన్నాయి. ఎర్రకణాలు పగిలి ప్లాస్మా ఎర్రబారితే ఆ శాంపిల్ పారేయాలి, పగిలిన ఎర్రకణాల్లోని ఎంజైము ఇన్సులిన్‌ను తినేస్తుంది. కిట్ ఖరీదైనదే, ఒప్పుకుంటాను. కానీ ఇన్సులిన్ గురించి ఏమీ చెప్పని ప్రయోగానికి నలభై ఎనిమిది ఎలుకలు ఖర్చు చేయడం అంతకంటే ఖరీదు.

మన ఊరి సంగతి ఒకటి చెప్పి అడగాల్సింది అడుగుతాను. పుస్తకాల్లో చిట్టెలుక గది 22 డిగ్రీలు. నిజానికి ఆ చల్లదనంలో చిట్టెలుక ఒళ్లు వేడి చేసుకోవడానికే బోలెడు గ్లూకోజ్ కాలుస్తుంది. దానికి హాయి ముప్పై దగ్గర. మన దగ్గర మే నెలలో పగలు ఏసీ 22లో నడిచి, రాత్రి కరెంటు పోతే గది 36కు ఎక్కుతుంది. అది ఒక ఎలుక కాదు, పగలొకటి రాత్రొకటి. ఎంత ఉండాలో నేను వాదించను, నిలకడగా ఉందా, రాశారా అన్నదే అడగండి. అలాగే వినాయక నిమజ్జనం రోజు, కాలేజీ గేటు ముందు డీజే మోగుతుండగా టాలరెన్స్ టెస్టు పెట్టిన నోట్‌బుక్ నేను చూశాను. భయపడ్డ ఎలుకలో షుగర్ పెరుగుతుంది. తేదీ చూసి నవ్వుకున్నాను, తర్వాత బాధేసింది.

మన రోగి గురించి కూడా. 2023లో వచ్చిన ఐసీఎంఆర్-ఇండియాబ్ అనే దేశవ్యాప్త సర్వే లెక్క ప్రకారం దేశంలో పది కోట్ల మందికి పైగా షుగర్ ఉంది. మన షుగర్ ఓపీ లైన్లో నిలబడేవాళ్లలో చాలామంది చూడ్డానికి సన్నగానే ఉంటారు, పొట్ట దగ్గర మాత్రం కొంచెం ముందుకు. కేలరీల్లో అరవై శాతం కొవ్వున్న మేత తిని బంతిలా ఊరిన చిట్టెలుక ఆ మనిషికి ఎంత దగ్గర? అసలు పనికిరాదని కాదు. ఎందుకు ఆ నమూనానే ఎంచుకున్నారో ఒక పేరా రాయమని అడగండి. ఆ పేరా రాయలేని గైడుకు ఎలుకలు ఇవ్వొద్దు. కఠినంగా ఉందేమో, ఉండనివ్వండి.

కాబట్టి, సమాజం తరఫున కూర్చున్న పెద్దమనిషీ, వచ్చే మీటింగులో ఫారం-బి మీ ముందుకు వచ్చినప్పుడు సంతకానికి ముందు ఒక్క ప్రశ్న వేయండి: "గ్లూకోజ్ తగ్గితే, ఆ చక్కెర ఎటు పోయిందని మీరు చెప్పగలరు?" జవాబు "కండరంలోకి" అయితే "ఎలా కొలుస్తారు?" అని అడగండి. "కొలవం సార్" అంటే ప్రయోగం పేరు మార్చి తెమ్మనండి. మిగతా సభ్యులను నేను అడిగేది: ఇన్సులిన్ ఇచ్చే ప్రతి ప్రయోగంలో గ్లూకోజ్ సిరంజి పక్కన ఉండాలి, ఎంత కిందికి పడితే పరీక్ష ఆపి గ్లూకోజ్ ఇచ్చేస్తారో ముందే కాగితం మీద ఉండాలి. చచ్చిన ప్రతి జంతువూ ఏ గుంపుదో, ఎందుకు చచ్చిందో థీసిస్ పట్టికలో కనిపించాలి. ఏ పంజరానికి ఏ మందు పడిందో గ్లూకోమీటర్ పట్టుకున్నవాడికి తెలియకూడదు.

ఒక పెద్ద కోరిక కూడా ఉంది. కాలేజీకో అరకొర యానిమల్ హౌస్ కాకుండా, ఓరుగల్లు కాలేజీలన్నీ కలిసి ఒక్కచోట క్లాంప్ చేయగల గది, దానికి చేయి తిరిగిన ఇద్దరు మనుషులు ఉంటే చాలు. ఈ పనిలో ఖరీదైనది పరికరం కాదు, ఆ రెండు చేతులు. అవి తయారయ్యేదాకా, నిజంగా ఆశ పుట్టించిన సారం ఏదైనా ఉంటే హైదరాబాద్‌లో చేయగలిగినవాళ్లతో కలిసి పనిచేయించండి. ఏడాదికి ఇరవై సగం ప్రయోగాల కంటే రెండు పూర్తివి నయం.

నా పాత నోట్‌బుక్ ఇంకా నా దగ్గరే ఉంది. కొట్టేసిన ఆ రెండు వరుసలు పెన్ను గీత కింద ఇప్పటికీ చదవడానికి వీలుగానే ఉన్నాయి. మీ మీటింగుకు పట్టుకొస్తాను, పిల్లలకు చూపించండి. శనివారం మధ్యాహ్నాలు నాకు క్లాసులు ఉండవు.

ఇట్లు,
ఒక ఫార్మకాలజీ మాస్టారు,
హనుమకొండ